తిండి సంగతిని జీవీఎంసీ అజెండాలోకి ఎక్కించడం ఎలా

"విశాఖకు మంచి ఆహార విధానం కావాలి" అని ఒక అర్జీ రాసి సోమవారం పీజీఆర్‌ఎస్‌లో, అంటే అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఇచ్చి చూడండి. తీసుకుంటారు, నంబరు వేస్తారు, రసీదు చేతిలో పెడతారు. ఆ తర్వాత ఆ కాగితం ఏ సెక్షన్‌కి వెళ్లాలో రాసిన మీకూ తెలీదు, తీసుకున్న గుమాస్తాకూ తెలీదు. ఎందుకంటే మన దగ్గర తిండి ఏ ఒక్క శాఖ పనీ కాదు. బజారు ఒకరిది, తోపుడు బండి ఇంకొకరిది, బడి భోజనం మరొకరిది, మిగిలి కుళ్లిన కూరల చెత్త మాత్రం అచ్చంగా విశాఖ నగర కార్పొరేషన్‌ది, అంటే జీవీఎంసీది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. పెద్ద మాట అడగకండి, ఒక అధికారి తన సంతకంతో చేయగలిగిన పని అడగండి. అలాంటివి మూడు నాలుగు కదిలితే, మిగతా ఊళ్ల వాళ్లు విధానం అని పిలిచేది అదే అవుతుంది. ఎలాగో చూద్దాం.

మొదట మీ వార్డు తిరగండి

ఒక నోటు పుస్తకం, ఫోను చాలు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగండి, ఎందుకంటే పొద్దున్న కనిపించే బండ్లు సాయంత్రం ఉండవు, సాయంత్రం వచ్చేవాళ్లు పొద్దున్న జ్ఞానాపురం మార్కెట్లోనో పూర్ణా మార్కెట్లోనో సరుకు ఎత్తుకుంటూ ఉంటారు. ఏం రాయాలి? ఆకుకూర ఎక్కడ దొరుకుతోంది, ఎంత దూరం నడవాలి, చేపలమ్మే ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు, వాళ్లకు నీడ ఉందా, నీళ్లున్నాయా, బడి గేటు పక్కన ఏం అమ్ముతున్నారు, రాత్రికి చెత్త ఎక్కడ పోగవుతోంది.

కొండవాలు కాలనీలున్న వార్డయితే అక్కడ ఎక్కువసేపు ఉండండి. కింద రోడ్డు మీద అన్నీ ఉంటాయి, మ్యాపులో చూస్తే బజారు దగ్గరే ఉన్నట్టుంటుంది, కానీ మెట్లెక్కి పైకి మోసుకెళ్లాల్సిన పెద్దావిడకు ఆ దగ్గర దగ్గర కాదు. ఆవిడ పై సందులోని చిన్న కిరాణా కొట్టులో వాడిన వంకాయలే కొంటుంది, అదీ ఎక్కువ ధరకి. ఈ తేడాని ధరలతో సహా రాసుకుంటే అదే మీ అర్జీకి ప్రాణం. కింద బజారులో టమాటా కిలో ఎంత, పైన కొట్లో ఎంత, ఒకే రోజున. ఫొటో కూడా తీయండి.

ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

చాలామంది ఇక్కడే అలిసిపోతారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం రైతు బజార్లు చూసి అవి కార్పొరేషన్‌వి అనుకుంటారు. కావు. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ మార్కెటింగ్ శాఖ చేతిలో ఉన్నాయి, జిల్లాలో జాయింట్ కలెక్టర్ పర్యవేక్షిస్తారు, బజారులో కూర్చునే అధికారిని ఎస్టేట్ ఆఫీసర్ అంటారు. అక్కడి ధర గురించి, స్టాలు గురించి జీవీఎంసీకి రాస్తే ఆ కాగితం ఊరంతా తిరిగి రావాల్సిందే. బజారు గేటు బయట రోడ్డు, డ్రైనేజీ, బండ్లు, చెత్త, వీధి దీపం మాత్రం జీవీఎంసీవి.

తోపుడు బండ్లు, బుట్టలు పెట్టుకునేవాళ్లు, వాళ్లకిచ్చే సర్టిఫికెట్లు జీవీఎంసీ పరిధిలోవి. హోటళ్ల ట్రేడ్ లైసెన్సు, మాంసం దుకాణాల శుభ్రత, చెత్త అంతా కార్పొరేషన్ ప్రజారోగ్య విభాగం. కల్తీ, నూనె, లేబుళ్లు లాంటివి రాష్ట్ర ఆహార భద్రత విభాగం, అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు. రేషన్ పౌర సరఫరాలది. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. ఫిషింగ్ హార్బర్ పోర్టు స్థలంలో ఉంది, అక్కడ మత్స్యశాఖ, పోర్టు మాట నడుస్తుంది. ఊరి చుట్టూ పొలం ఉండాలా ప్లాటు అవ్వాలా అన్నది విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్‌లో ఉంటుంది.

మీకు ఇదంతా గుర్తుండక్కర్లేదు. వార్డు సచివాలయానికి వెళ్లి శానిటేషన్ సెక్రటరీని, వెల్ఫేర్ సెక్రటరీని పలకరించండి. ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్తుందో వాళ్లకి మనకంటే బాగా తెలుసు, పైగా రేపు విచారణకి వచ్చేదీ వాళ్లే. కాస్త మర్యాదగా ఉంటే పని సగం అయినట్టే.

ఒక్కటే కోరిక ఎంచుకోండి

జాబితా ఇవ్వకండి. పది కోరికలున్న అర్జీలో అన్నిటికంటే తేలికైనది చేసేసి "పరిష్కరించబడినది" అని మూసేస్తారు. ఒక్కటే పట్టుకోండి. ఏది అని అడిగితే, నా లెక్కలో విశాఖలో తోపుడు బండ్ల విషయమే ముందు పట్టుకోవాలి. అందులో కొనేవాడి ఆరోగ్యం, అమ్మేవాడి బతుకు రెండూ ఉన్నాయి, చట్టం కూడా మన వైపే ఉంది.

తోపుడు బండ్లు: ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి

2014లో పార్లమెంటు చేసిన వీధి విక్రయదారుల చట్టం ఒకటుంది. చదివితే ముచ్చటేస్తుంది, రోడ్డు మీదకొస్తే అంత ముచ్చటగా ఉండదు, అది వేరే సంగతి. దాని ప్రకారం ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, మున్సిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే, అదీ వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లు, అందులో మూడో వంతు ఆడవాళ్లు. అయిదేళ్లకోసారైనా సర్వే చేయాలి, సర్వేలో తేలినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి, వార్డు లేదా జోన్ జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాత కూడా, తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇంకో ముక్క ఉంది, ఇది బండి పెట్టుకునే ప్రతి ఒక్కరికీ చెప్పండి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోని సరుకయితే అడిగిన రెండు పనిదినాల్లో, కూరగాయలు, పళ్లు, చేపల్లాంటివి అయితే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. మన ఊళ్లో మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు బేసిన్‌తో రోడ్డు పక్కన కూర్చుని అమ్మే చేపలూ ఈ చట్టం కిందకే వస్తాయి. ఆ సంగతి వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

మనం బండి వ్యాపారులం కాదు కదా, మనకేం పాత్ర అంటారేమో. ఉంది. ఆ కమిటీలో స్వచ్ఛంద సంస్థలకీ స్థానిక సంఘాలకీ కనీసం 10 శాతం చోటుంది, నివాసుల సంక్షేమ సంఘాలకూ ప్రాతినిధ్యం ఉండాలి. అంటే మీ అపార్ట్‌మెంట్ అసోసియేషనో, కాలనీ సంఘమో అందులో కూర్చోవచ్చు. సాధారణంగా ఏమవుతుందంటే, అసోసియేషన్ తరఫున వెళ్లేవాళ్లు "బండ్లు తీసేయండి, ట్రాఫిక్" అని రాస్తారు, అదే సాయంత్రం గేటు దగ్గర అదే బండి ఆపి అరిటికాయలు బేరమాడతారు. మీ సంఘం సమావేశంలో ముందు ఈ పంచాయితీ తేల్చుకోండి. బండి ఉండాలా వద్దా అని కాకుండా, ఏ వైపు, ఏ వేళల్లో, ఎన్ని అని మాట్లాడితే గొడవ సగం తగ్గుతుంది. వాళ్లని కూడా పిలవండి. వాళ్లు లేకుండా వాళ్ల చోటు గీయడం అన్యాయం, పైగా ఆ గీత నిలవదు కూడా.

అడగాల్సినవి ఇలా ఉంటాయి: ఫలానా వీధిలో ఎడమ వైపు సాయంత్రం 4 నుంచి 8 దాకా కూరగాయల బండ్లకు వెండింగ్ జోన్, అంటే అమ్ముకోవడానికి ప్రకటించిన చోటు. కొండ మెట్ల మొదట్లో ఆకుకూర, పళ్ల బండ్లకు రెండు చోట్లు. చేపలమ్మే చోట నీడ, కుళాయి, కాలువ. వీటిలో ఒకటి. జోన్ అయ్యాక బ్యాంకు అప్పు కావాల్సినవాళ్లను 2020లో మొదలైన, వీధి వ్యాపారులకు అప్పిప్పించే పీఎం స్వనిధి పథకం కోసం మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది దగ్గరకి పంపండి.

రైతు బజారు: బోర్డు చూడటం నేర్చుకోండి

పొద్దున్నే బజారులోకి వెళ్తే గేటు దగ్గర నల్ల బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. అవి టోకు ధర కంటే కొంత పైన, బయట చిల్లర ధర కంటే కొంత కింద ఉండేలా రోజూ నిర్ణయిస్తారు. రైతుకు స్టాలుకి అద్దె లేదు, కానీ గుర్తింపు కార్డు ఉండాలి. రైతేనా కాదా అన్నది రెవెన్యూ, ఉద్యాన సిబ్బంది చూసి కార్డు ఇస్తారు. ఇప్పుడు మీరు చేయాల్సిన పని చిన్నది. బోర్డు ఫొటో తీయండి, లోపల ఒక నాలుగు రకాలు అడిగి రాయండి. తేడా కనిపిస్తే ఎస్టేట్ ఆఫీసర్‌కి నోటితో ముందు చెప్పండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తేదీలతో సహా జాయింట్ కలెక్టర్‌కి రాయండి.

అసలు న్యాయం ప్రశ్న గేటు బయట ఉంటుంది. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు నుంచి ఆటోలో గంపలేసుకుని వచ్చి, కార్డు లేక, గోనె పరుచుకుని బయట కూర్చునే ఆడవాళ్లు. వాళ్లలో కౌలుకు చేసుకునేవాళ్లుంటారు, పాస్‌బుక్కు భూమి యజమాని పేరు మీద ఉంటుంది, అందుకని కార్డు రాదు. లోపల మాత్రం పొలం ముఖం చూడనివాళ్లు కూర్చున్నారని జనం గొణుగుతూనే ఉంటారు. కౌలు రైతులకు గుర్తింపు ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో ఉంది కాబట్టి, ఆ కాగితం ఉన్నవాళ్లకు బజారు కార్డు ఇవ్వాలని, స్టాళ్లు ఎవరి పేర ఉన్నాయో బజారులోనే ఊరూ పేరూ రాసిన పట్టిక వేలాడదీయాలని అడగండి. రెండోది అడగడానికి తేలిక, చేయడానికి పెద్ద ఖర్చు లేదు, పైగా జనానికి బాగా ఉపయోగపడుతుంది.

ఇంకోటి. అరకు, పాడేరు వైపు చోళ్లు, సామలు, కొర్రలు పండుతాయి, ఎండాకాలం వస్తే మన రోడ్ల మీద చోడి అంబలి బండ్లు కనిపిస్తాయి కూడా. బజారులో ప్రకృతి సేద్యం సరుకుకి, ఏజెన్సీ చిరుధాన్యాలకి ఒక స్థిరమైన స్టాలు, మహిళా సంఘాల పేరు మీద, అడగడంలో తప్పేం లేదు. పండగ రోజుల ఎగ్జిబిషన్ లాంటిది కాదు, ఏడాది పొడుగునా.

చెత్త, బడి, క్యాంటీన్

చెత్త గురించి చట్టం సూటిగా ఉంది. కూరగాయల, పళ్ల, మాంసం, చేపల మార్కెట్ల చెత్త రోజూ ఎత్తాలి, అక్కడికక్కడే కంపోస్టు లేదా బయోగ్యాస్ యూనిట్లను స్థానిక సంస్థ ప్రోత్సహించాలి. మన ఊళ్లో ఎత్తిందంతా కాపులుప్పాడకి పోతుంది. కాబట్టి "మా బజారు చెత్తకు దగ్గర్లోనే కంపోస్టు, ఆ ఎరువు పార్కులకీ మిద్దె తోటలకీ" అని అడిగితే కార్పొరేషన్‌కి లారీ డీజిల్ కూడా కలిసొస్తుంది. ఆ మాట అర్జీలో రాయండి, ఖర్చు తగ్గుతుందన్న వాక్యం ఇంజినీర్లకి నచ్చుతుంది.

బడి భోజనం సంగతికొస్తే, విద్యా హక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ, మున్సిపల్ బడికీ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే కమిటీలో చేరి వారంలో ఒక రోజు భోజనం రుచి చూసి రిజిస్టర్‌లో రాయండి. "పప్పు నీళ్లగా ఉంది, గుడ్డు ఇచ్చారు" అని ఉన్నదున్నట్టు. ఆ రిజిస్టరే రేపు రుజువు. బడి గేటు బయట చిప్స్ బదులు పళ్ల బండికి చోటివ్వాలన్నది మళ్లీ వెండింగ్ కమిటీ పని, పైన చెప్పిన దారే.

అన్న క్యాంటీన్లలో పూటకి 5 రూపాయలు. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మెనూ, కాంట్రాక్టు రాష్ట్ర స్థాయిలో తేలేవి, వాటి మీద వార్డులో కూర్చుని తల బద్దలు కొట్టుకోకండి. శుభ్రత, తాగునీరు, క్యూ దగ్గర నీడ మాత్రం ఇక్కడే అడగొచ్చు.

అర్జీ ఎలా రాయాలి

ఒక పేజీ దాటకూడదు. విషయం లైనులోనే కోరిక మొత్తం ఉండాలి. ఇలా:

"విషయం: ___ వార్డు, ___ వీధి మెట్ల మార్గం మొదట్లో కూరగాయలు, పళ్ల బండ్లకు సాయంత్రం 4 నుంచి 8 వరకు వెండింగ్ జోన్ ప్రకటించుట గురించి. అయ్యా, మా కొండవాలులో ___ ఇళ్లున్నాయి. దగ్గరి రైతు బజారు ___ కిలోమీటర్లు. ___ తేదీన కింద బజారులో టమాటా కిలో ___ రూపాయలు, పై వీధి దుకాణంలో ___ రూపాయలు (ఫొటోలు జత). వీధి విక్రయదారుల చట్టం 2014 ప్రకారం ఈ చోటును టౌన్ వెండింగ్ కమిటీ తదుపరి సమావేశం అజెండాలో చేర్చి, నిర్ణయాన్ని మాకు తెలియజేయగలరు. స్థలం కొలతలు, గీసిన పటం జత చేశాం. ట్రాఫిక్‌కి మిగిలే వెడల్పు ___ అడుగులు."

ఆ చివరి వాక్యం వదలకండి. కాగితం ట్రాఫిక్ పోలీసుల దగ్గరకి వెళ్తే వాళ్లు మొదట చూసేది అదే. టేపు పట్టుకుని మీరే కొలవండి.

సంతకాలు వందల కొద్దీ అక్కర్లేదు. వీధిలో ఉండేవాళ్లు, అమ్ముకునేవాళ్లు ఇద్దరివీ ఉంటే చాలు, ఆ ఇద్దరి సంతకాలు ఒకే కాగితం మీద కనిపిస్తే అధికారి చదువుతాడు. జోనల్ కమిషనర్‌కి ఒక కాపీ, సోమవారం జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో ఒక కాపీ, మీ దగ్గర స్టాంపు వేయించుకున్న కాపీ. పాలకవర్గం ఉంటే కార్పొరేటర్‌కి కూడా ఒకటి, 98 వార్డుల్లో ప్రతిదానికీ ఒకరుంటారు, కౌన్సిల్లో ప్రశ్న వేయగలిగేది వాళ్లే. ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారికి రాయండి.

జవాబు రాకపోతే

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు, ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. కానీ "బండ్లకు చోటు ఎందుకివ్వలేదు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి వాళ్లు జవాబివ్వక్కర్లేదు. కాగితాలు అడగండి. టౌన్ వెండింగ్ కమిటీ గత సమావేశాల మినిట్స్ కాపీలు. మా వార్డులో సర్వేలో నమోదైన వ్యాపారుల సంఖ్య, ఇచ్చిన సర్టిఫికెట్ల సంఖ్య. ప్రకటించిన వెండింగ్ జోన్ల జాబితా, పటాలతో. మా ఫలానా నంబరు అర్జీ మీద అధికారులు రాసిన నోట్ ఫైల్ కాపీ. ఈ నాలుగోది అడిగాక కదలని ఫైలుకి కూడా కాస్త టెన్షన్ మొదలవుతుంది. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

డబ్బు కావాల్సిన కోరికయితే

నీడ షెడ్డు, కుళాయి, కంపోస్టు యూనిట్ లాంటివి బడ్జెట్‌లో పడాలి. కార్పొరేషన్ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కానీ అంకెలు శీతాకాలంలోనే కుదురుతాయి, ఫిబ్రవరిలో వెళ్తే పెళ్లయ్యాక శుభలేఖ ఇచ్చినట్టుంటుంది. దసరా అయ్యాక, దీపావళి లోపల జోనల్ ఇంజినీరింగ్ వాళ్లని కలిసి అంచనా వేయించండి. అంచనా కాగితం ఉన్న పనే బడ్జెట్ జాబితాలోకి ఎక్కుతుంది, లేనిది ఉపన్యాసంలో మిగులుతుంది.

ఊరు మొత్తానికి అడగాలనిపిస్తే

మీ వార్డులో ఒకటి రెండు కదిలాక ఇది చేయండి, అంతకుముందు వద్దు. ప్రపంచంలో చాలా నగరాలు 2015 అక్టోబరులో మిలాన్‌లో ఒక ఒడంబడిక మీద సంతకాలు మొదలుపెట్టాయి, నగర పాలక సంస్థలు తిండి గురించి ఏమేం చేయొచ్చో అందులో 37 పనులు రాశారు. పరిపాలన, పోషణ, న్యాయం, ఉత్పత్తి, సరఫరా, వృథా అని ఆరు భాగాలు. ఆ జాబితా ముందు పెట్టుకుని మీరు చేసిన పని ఏ భాగంలోదో చూపిస్తూ మాట్లాడితే కమిషనర్ స్థాయిలో వింటారు.

నాకు నచ్చేది మాత్రం బ్రెజిల్‌లో బెలో హొరిజోంతె నగరం చేసిన పని. 1993లో తిండి కోసమే ఒక విభాగం పెట్టుకున్నారు. మంచి రద్దీ కూడళ్లలో కూరగాయలమ్మేవాళ్లకి నగరం చోటిచ్చింది, బదులుగా కొన్ని రకాలు నగరం చెప్పిన ధరకే అమ్మాలి, వారాంతంలో బండి తీసుకుని పేదల పేటలకూ వెళ్లాలి అని షరతు పెట్టింది. ఇది మనకి అతికినట్టు సరిపోతుంది. ఎంవీపీలోనో సీతమ్మధారలోనో కార్పొరేషన్ స్థలంలో పళ్ల స్టాలు ఇస్తే, వారానికి రెండు సాయంత్రాలు ఆరిలోవ కొండవాలుకో మల్కాపురానికో బండి పంపాలని ఒప్పందంలో ఒక లైను. స్టాలు కేటాయింపు నిబంధనల్లో ఆ ఒక్క లైను చేర్చమని అడగండి.

ఇక చివరిది, బదిలీలు. మీ అర్జీ బాగా నడుస్తున్న సమయంలోనే జోనల్ కమిషనర్ మారిపోవచ్చు, కొత్తాయనకి మీరెవరో తెలీదు. అందుకే స్టాంపు కాపీలు, అర్జీ నంబర్లు, ఆర్టీఐ జవాబులు, కొలతల పటం ఒకే ఫైలులో పెట్టి ఉంచండి, అది ఒకరి ఇంట్లోనే ఉండిపోకుండా ఇంకో సెట్టు బండ్లవాళ్ల సంఘం దగ్గర కూడా పెట్టండి. కొత్త అధికారి వచ్చిన మొదటి రెండు వారాల్లో పాత నంబరు పైన రాసి, అరపేజీ లెటరుతో ఆ సెట్టు జిరాక్సు ఇచ్చి రండి.